మోనోలో గిటార్ డొల్లబోతోంది, స్పీకర్లలో గొంతు మధ్యలో నిలవడం లేదు: ఫేజ్ లోపాన్ని ఎక్కడి నుంచి వెతకాలి?

ప్రశ్న

నమస్కారం. ఇంట్లో ఒక చిన్న గదిలో పాటలు రికార్డు చేసుకుని, నేనే మిక్స్ చేసుకుంటున్నాను. రెండు ఇన్‌పుట్‌లున్న ఆడియో ఇంటర్‌ఫేస్, రెండు కండెన్సర్ మైకులు, విడి ఆంప్లిఫయర్‌తో నడిచే ఒక జత స్పీకర్లు, ఒక హెడ్‌ఫోన్ నా దగ్గర ఉన్నాయి. కొన్ని వారాలుగా ఒక సమస్య వేధిస్తోంది. అది ఒకే సమస్యా, రెండు మూడు సమస్యలు కలిసిపోయాయా అన్నది నాకు తేలడం లేదు.

అకౌస్టిక్ గిటార్‌ను రెండు మైకులతో రికార్డు చేశాను. ఒక మైకు పన్నెండో ఫ్రెట్ ఎదురుగా సుమారు 20 సెంటీమీటర్ల దూరంలోను, రెండవది గిటార్ బాడీ వైపు తిరిగి సుమారు 54 సెంటీమీటర్ల దూరంలోను ఉన్నాయి. దూరపు మైకు శబ్దం తక్కువగా వస్తోందని గెయిన్ పెంచి, రెండు ట్రాకుల స్థాయిని సమానం చేశాను. ఒకదాన్ని ఎడమకు, మరొకదాన్ని కుడికి ప్యాన్ చేసి హెడ్‌ఫోన్‌లో వింటే ఎంతో విశాలంగా, అందంగా ఉంటుంది. అదే మిక్స్‌ను ఒకే స్పీకరున్న ఫోనులో, అంటే ఎడమ, కుడి ఛానళ్ళు ఒకటిగా కలిసిపోయే మోనోలో వింటే గిటార్ పలచబడి, గొట్టంలో నుంచి వస్తున్నట్టు డొల్లగా వినిపిస్తుంది. ఒక ట్రాకు మీద తరంగాన్ని తలకిందులు చేసే పొలారిటీ బటన్ నొక్కి చూశాను; డొల్లతనం కొంత మారింది గాని లావు తీగల బలం పూర్తిగా పోయింది.

గొంతు విషయం వేరు. దాన్ని వెడల్పు చేయడానికి అదే ట్రాకుకు నకలు తీసి, నకలును 12 మిల్లీ సెకన్లు ఆలస్యం చేసి, అసలును ఎడమకు, నకలును కుడికి పెట్టాను. ఫోనులో గొంతు కూడా చెడిపోతోంది. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఈ నకలును పూర్తిగా తీసేసి గొంతును నడిమధ్యన పెట్టినా, స్పీకర్లలో అది మధ్యలో నిలవకుండా గదంతా పరుచుకున్నట్టు వినిపిస్తుంది, బేస్ కూడా బాగా తక్కువగా ఉంటుంది. హెడ్‌ఫోన్‌లో మాత్రం గొంతు సరిగ్గా మధ్యనే ఉంటుంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?

మొదటి సమాధానం

మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే ఇవి కనీసం మూడు వేర్వేరు లోపాలు. మూడింటికీ ఫేజ్ (రెండు తరంగాలు ఒకదానితో ఒకటి అడుగు కలిపి నడుస్తున్నాయా అన్నది) అనే ఒకే పేరు పెట్టడం వల్లనే చిక్కుముడి పడింది. గిటార్ లోపం రికార్డింగ్‌లో ఉంది, గొంతు లోపం మీరు మిక్స్‌లో చేసిన పని వల్ల వచ్చింది, స్పీకర్ల లోపం వైర్లలో ఉంది. మొదట స్పీకర్లనే సరిచేయమని నా సలహా, ఎందుకంటే మీరు మిగతా నిర్ణయాలన్నీ వాటి ద్వారా వినే తీసుకుంటున్నారు.

మధ్యలో ఉండవలసిన గొంతు చోటు లేనట్టు పరుచుకోవడం, బేస్ పడిపోవడం, హెడ్‌ఫోన్‌లో ఈ రెండూ లేకపోవడం చూస్తే, ఒక స్పీకర్‌కు ఎరుపు, నలుపు వైర్లు తారుమారయ్యాయని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. అలా జరిగినప్పుడు ఒక స్పీకర్ కోను ముందుకు వచ్చే క్షణంలో రెండవది వెనక్కి పోతుంది. బేస్ తరంగాలు పొడవైనవి కాబట్టి రెండు స్పీకర్ల నుంచి వచ్చినవి మీ కుర్చీ దగ్గర ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పై పౌనఃపున్యాల తరంగాలు పొట్టివి కావడంతో తల కొద్దిగా కదిలినా వాటి పొత్తు మారిపోతుంది, అందుకే అవి రద్దు కాకుండా ఎటు నుంచి వస్తున్నాయో తెలియని శబ్దంగా మిగులుతాయి.

పరీక్ష సులువు. రెండు స్పీకర్లను కొన్ని సెంటీమీటర్ల ఎడంతో ఎదురెదురుగా నిలబెట్టి, బేస్ ఎక్కువగా ఉన్న ఏదైనా శబ్దాన్ని మోనోలో వినండి. తరువాత ఆంప్లిఫయర్‌ను ఆపి, ఒక్క స్పీకర్ వెనుక మాత్రమే వైర్లను మార్చి మళ్ళీ వినండి. బేస్ నిండుగా వచ్చిన అమరికే సరైనది, తేడా మీకు మొదటి క్షణంలోనే తెలుస్తుంది. చెవి మీద నమ్మకం చాలకపోతే, ఆంప్లిఫయర్ నుంచి వైర్లను పూర్తిగా విడదీసి, 1.5 వోల్టుల బ్యాటరీ ధన ధ్రువాన్ని ఆంప్లిఫయర్ ఎరుపు టెర్మినల్‌లో ఉన్న వైరు చివరకు, రుణ ధ్రువాన్ని నలుపు టెర్మినల్‌లో ఉన్న వైరు చివరకు క్షణకాలం తాకించి చూడండి. రెండు స్పీకర్ల ఊఫర్ కోన్లూ ఒకే దిక్కుకు కదలాలి. బ్యాటరీని అలాగే పట్టుకుని ఉంచకూడదు. లోపల ఆంప్లిఫయర్ ఉన్న స్పీకర్లకు ఈ బ్యాటరీ పరీక్ష అసలు చేయకూడదు.

అటువంటి స్పీకర్లు వాడేవారికి ఇదే లోపం మూడు పిన్నులుండే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ వల్ల రావచ్చు. ఇప్పటి ప్రమాణం ప్రకారం 2వ పిన్ను హాట్ (అసలు సంకేతం), 3వ పిన్ను కోల్డ్ (దాని తలకిందు రూపం), 1వ పిన్ను గ్రౌండ్. కేబుల్‌కు ఒక చివర 2, 3 పిన్నులు తారుమారుగా సోల్డర్ అయివుంటే పొలారిటీ తిరగబడుతుంది. ఎడమ కేబుల్‌ను కుడికి, కుడి కేబుల్‌ను ఎడమకు మార్చి చూసినందువల్ల ఇది బయటపడదు, ఎందుకంటే అప్పుడు కూడా రెండింటిలో ఒకటి తిరగబడే ఉంటుంది. అనుమానమున్న కేబుల్‌ను తీసేసి మూడవ కేబుల్ పెట్టి చూడాలి.

ఒక హెచ్చరిక. స్పీకర్లు ఈ స్థితిలో ఉండగా సాఫ్ట్‌వేర్‌లో మోనో బటన్ నొక్కి మీరు విన్న ఫలితాలేవీ నమ్మదగినవి కావు. మోనో సంకేతమే ఆ రెండు స్పీకర్ల మధ్య గాలిలో రద్దయిపోతుంది. వైర్లు సరిచేసే వరకు మోనో పరీక్షను హెడ్‌ఫోన్‌లో గాని, ఒక్క స్పీకర్‌లో గాని చేయండి.

రెండవ సమాధానం

స్పీకర్ల గురించి పైన చెప్పింది నాకూ సమ్మతమే. నేను గిటార్ దగ్గర కొంత ఆగుతాను, ఎందుకంటే పొలారిటీ బటన్ నొక్కినప్పుడు మీరు గమనించిన మార్పులోనే అసలు సంగతంతా ఉంది.

పొలారిటీ తిప్పడం అంటే తరంగాన్ని తలకిందులు చేయడం. అది అన్ని పౌనఃపున్యాలకూ ఒకే విధంగా, ఒకే క్షణంలో జరుగుతుంది. ఆలస్యం అలా కాదు; ఒకే ఆలస్యం ఒక్కో పౌనఃపున్యాన్ని ఒక్కో కోణంలో తిప్పుతుంది. మీ రెండు మైకుల దూరాల మధ్య తేడా 34 సెంటీమీటర్లు. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, దూరపు మైకును శబ్దం దాదాపు 1 మిల్లీ సెకను ఆలస్యంగా చేరుతుంది. 500 హర్ట్జ్ తరంగానికి ఒక ఆవృత్తి 2 మిల్లీ సెకన్లు, అంటే మీ ఆలస్యం దానికి సరిగ్గా సగం. రెండు ట్రాకులను మోనోలో కలిపినప్పుడు 500 దగ్గర రద్దు అవుతుంది, ఆ తరువాత 1500, 2500, 3500 దగ్గర కూడా రద్దవుతుంది. మధ్యలో ఉన్న 1000, 2000, 3000 మాత్రం రెట్టింపవుతాయి. గ్రాఫులో ఇది దువ్వెన పళ్ళలా కనిపిస్తుంది కాబట్టే దీన్ని కోంబ్ ఫిల్టరింగ్ అంటారు. మీరు విన్న గొట్టం శబ్దం ఇదే.

ఇప్పుడు పొలారిటీ బటన్ నొక్కితే గుంటలు ఉన్నచోట ఎత్తులు, ఎత్తులు ఉన్నచోట గుంటలు వస్తాయి. దువ్వెన ఎక్కడికీ పోదు, పళ్ళు పక్కకు జరుగుతాయి, అంతే. పైగా ఈసారి మొదటి గుంట సున్నా హర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది కాబట్టి, సుమారు 167 హర్ట్జ్ కంటే కిందిదంతా ఒక్క మైకుతో వచ్చే స్థాయి కంటే కూడా తగ్గిపోతుంది. గిటార్ అన్నిటికంటే లావు తీగ స్వరం 82 హర్ట్జ్ దగ్గర ఉంటుంది. రెండు ట్రాకులు సమాన స్థాయిలో ఉన్నాయనుకుంటే, బటన్ నొక్కక ముందుకూ నొక్కిన తరువాతకూ ఆ స్వరంలో 11 డెసిబెల్‌లకు పైగా తేడా వస్తుంది. మీరు విన్నది మీ భ్రమ కాదు.

పరిష్కారాలలో మొదటిది దూరపు ట్రాకును ముందుకు జరపడం. 48 కిలోహర్ట్జ్‌లో, అంటే సెకనుకు 48,000 శాంపిల్స్ చొప్పున రికార్డు చేసి ఉంటే సుమారు 48 శాంపిల్స్, 44.1 అయితే సుమారు 44 శాంపిల్స్. వేవ్‌ఫార్మ్‌ను బాగా పెద్దది చేసి, ఒక తీగ మీటిన మొదటి అంచును రెండు ట్రాకులలోనూ పోల్చి జరపండి. మోనోలో వింటూ అటూ ఇటూ రెండు మూడు శాంపిల్స్ కదిపి, లావు తీగలు ఎక్కడ నిండుగా పలికితే అక్కడ ఆపండి.

రెండవది ఇంకా సులభం, చాలామంది పట్టించుకోరు. రెండు ట్రాకుల స్థాయి సమానంగా ఉన్నప్పుడే రద్దు సంపూర్ణమవుతుంది. దూరపు ట్రాకు ఫేడర్‌ను (స్థాయి మీటను) 9 లేక 10 డెసిబెల్‌లు దించితే, ఎత్తులు సుమారు 2.5 డెసిబెల్‌ల దగ్గర, గుంటలు సుమారు 3.5 డెసిబెల్‌ల దగ్గర ఆగిపోతాయి. అప్పుడది లోపంగా కాక గిటార్ రంగుగా వినిపిస్తుంది. మైకుల మధ్య దూరం, మైకుకూ వాద్యానికీ ఉన్న దూరానికి మూడు రెట్లు ఉండాలన్న 3:1 నియమం వెనుక ఉన్న లెక్క కూడా ఇదే. అయితే ఆ నియమం ఇద్దరు వేర్వేరు గాయకులకు వేర్వేరు మైకులు పెట్టినప్పటి సంగతి. ఒకే వాద్యానికి రెండు మైకులు పెట్టి, దూరపుదాని గెయిన్ పెంచి సమానం చేస్తే ఆ నియమం ఇచ్చే రక్షణ మొత్తం పోతుంది.

మూడవ సమాధానం

శాంపిల్స్ లెక్కపెట్టి జరిపే పద్ధతితో నాకు కొంత భేదాభిప్రాయం ఉంది. గిటార్ ఒకే బిందువు నుంచి శబ్దం చేసే వస్తువు కాదు. పై పలక, మధ్యలోని రంధ్రం, మెడ, ఇవన్నీ వేర్వేరు పౌనఃపున్యాలను వేర్వేరు చోట్ల నుంచి వెలువరిస్తాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గరున్న మైకుకూ, బాడీ వైపున్న మైకుకూ అన్ని స్వరాలకూ ఒకే ఆలస్యం ఉండదు. ట్రాకును జరిపితే మీటు అంచు కలుస్తుంది, స్వరం మొత్తం కలవదు. అంతేకాక, ఆ చిన్న ఆలస్యమే మీకు హెడ్‌ఫోన్‌లో నచ్చిన విశాలత్వంలో ఒక భాగం; దాన్ని పూర్తిగా తీసేస్తే రెండు మైకులు పెట్టిన ప్రయోజనం సగం పోతుంది. నేనైతే మొదట ఫేడర్ దించి చూస్తాను. అది చాలకపోతేనే జరుపుతాను. మళ్ళీ రికార్డు చేసే వీలుంటే, రెండు మైకుల తలలను ఒకదానిపై ఒకటి ఉంచి, 90 డిగ్రీల కోణంలో తిప్పిన ఎక్స్‌వై అమరికలో పెడతాను. శబ్దం రెండింటినీ దాదాపు ఒకే క్షణంలో చేరుతుంది కాబట్టి మోనోలో ఏ గొడవా ఉండదు, వెడల్పు మాత్రం కొంత తగ్గుతుంది.

ఈక్యూ (ఒక్కో పౌనఃపున్య ప్రాంతాన్ని పెంచి తగ్గించే సాధనం) గురించి ఒక మాట చెప్పాలి. ఆ రెండు ట్రాకులలో ఒక్కదానికే కింది పౌనఃపున్యాలను కోసే హై పాస్ ఫిల్టర్ పెట్టారేమో చూడండి. మామూలు ఫిల్టర్లన్నీ ఫేజ్‌ను కూడా తిప్పుతాయి. ఆక్టేవ్‌కు 24 డెసిబెల్‌ల వాలున్న ఫిల్టర్, తన కటాఫ్ పౌనఃపున్యం దగ్గర 180 డిగ్రీల తేడా తెస్తుంది, అంటే అక్కడ పొలారిటీ తిప్పినట్టే. ఒకే వాద్యానికి చెందిన ట్రాకులను ఒక బస్‌లో (ఉమ్మడి ఛానల్‌లో) కలిపి, ఈక్యూను ఆ బస్ మీదే పెట్టడం మంచి అలవాటు. లీనియర్ ఫేజ్ ఈక్యూ ఈ తిప్పడాన్ని తప్పిస్తుంది గాని, దానికి ఆలస్యం ఎక్కువ, మీటుకు ముందు సన్నని మోత కూడా తెస్తుంది; గిటార్ వంటి పదునైన శబ్దాలకు అది నప్పదని నా అభిప్రాయం.

ఇక గొంతు. నకలు తీసి జరిపే పద్ధతికి ఆధారం హెల్మట్ హాస్ పరిశోధించిన ప్రభావం; ఆయన సిద్ధాంత వ్యాసం 1949 నాటిది. ఒకే శబ్దం రెండు దిక్కుల నుంచి కొద్ది మిల్లీ సెకన్ల తేడాతో వస్తే చెవి వాటిని విడివిడిగా వినదు, ముందు వచ్చిన దిక్కునే శబ్దస్థానంగా తీసుకుంటుంది. రెండు చెవులకూ విడిగా అందినంత సేపు ఇది బాగానే ఉంటుంది. మోనోలో కలిపిన మరుక్షణం అది శుద్ధమైన కోంబ్ ఫిల్టర్. మీ 12 మిల్లీ సెకన్లకు మొదటి గుంట 42 హర్ట్జ్ దగ్గర, అక్కడి నుంచి ప్రతి 83 హర్ట్జ్‌కు ఒక గుంట చొప్పున పడుతుంది. గొంతు పలికే ప్రాంతంలో ఖాళీ చోటు ఉండదు. నకలూ అసలూ అచ్చంగా ఒకటే కాబట్టి రద్దు కూడా సంపూర్ణం.

దీనికి బటన్లు, జరపడాలు వద్దు. నకలు తీసేయండి. వెడల్పు కావాలంటే అదే చరణాన్ని రెండవసారి పాడి రికార్డు చేసుకోండి. మనిషి ఒకే పంక్తిని రెండుసార్లు అచ్చం ఒకేలా పాడలేడు. శ్రుతిలో, కాలంలో ఉండే ఆ చిన్న తేడాల వల్ల రెండు ట్రాకుల మధ్య స్థిరమైన ఫేజ్ సంబంధం ఉండదు, స్థిరమైన దువ్వెన కూడా ఏర్పడదు. ప్రధాన గొంతు ఎప్పుడూ మధ్యలో ఒక్కటే ఉండాలి, రెండవసారి పాడినవి దానికి ఇరుపక్కలా తక్కువ స్థాయిలో ఉంటే చాలు.

మాస్టర్ (మొత్తం మిక్స్ వెళ్ళే చివరి ఛానల్) మీద, ఎడమ, కుడి ఛానళ్ళ పోలికను చూపే కోరిలేషన్ మీటర్ పెట్టుకోండి. ముల్లు +1 వైపు ఉంటే రెండు ఛానళ్ళూ ఒకటే, 0 దగ్గర ఉంటే వాటికి సంబంధం లేదు, -1 వైపే నిలిచిపోతే మోనోలో రద్దు తప్పదు. 0 దగ్గర తిరగడం చూసి భయపడనక్కరలేదు. అప్పుడప్పుడు కిందికి దిగి రావడం కూడా మామూలే.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మొదట స్పీకర్లను ఎదురెదురుగా పెట్టి చూశాను. బేస్ దాదాపు మాయమైంది. ఎడమ స్పీకర్ వెనుక వైర్లు మార్చగానే గది నిండిపోయింది. గది సర్దినప్పుడు వైర్లను మళ్ళీ బిగించింది నేనే, ఎప్పుడు తారుమారు చేశానో తెలియదు. గొంతు ఇప్పుడు రెండు స్పీకర్ల మధ్య గోడ మీద మేకు కొట్టినట్టు నిలబడింది. గిటార్ విషయంలో దూరపు ట్రాకును 9 డెసిబెల్‌లు దించి, ఆ తరువాత జరపకుండాను, జరిపీ విన్నాను. ఫోనులో రెండూ బాగున్నాయి. జరపనిదే ఉంచుకున్నాను, అందులో గిటార్‌కు కొంత లోతు ఉంది. గొంతును రెండవసారి పాడి రికార్డు చేయబోతే మరో ఇబ్బంది ఎదురైంది. పాడుతున్నప్పుడు హెడ్‌ఫోన్‌లో నా గొంతు పలచగా, దూరంగా వినిపిస్తోంది. రికార్డయిన ట్రాకును తరువాత వింటే శుభ్రంగా ఉంది. ఇదీ ఫేజ్ లోపమేనా?

రెండవ సమాధానం రాసినవారు

అవును. రికార్డు శుభ్రంగా ఉండి, పాడేటప్పుడు మాత్రమే ఇలా వినిపిస్తోందంటే, మీ గొంతు హెడ్‌ఫోన్‌కు రెండు దారుల్లో చేరుతోంది. ఇంటర్‌ఫేస్‌లోని డైరెక్ట్ మానిటరింగ్ గొంతును నేరుగా పంపుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ట్రాకు మానిటర్ బటన్ కూడా వేసి ఉంటే, అదే గొంతు కంప్యూటర్ దాకా వెళ్ళి తిరిగి వస్తుంది. 48 కిలోహర్ట్జ్‌లో 128 శాంపిల్స్ బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని కాసేపు ఆపి ఉంచుకునే నిల్వ) ఒక్కటే 2.7 మిల్లీ సెకన్లు, రానూ పోనూ కలిపితే అంతకు రెట్టింపు దాటుతుంది. మొత్తం 6 మిల్లీ సెకన్లయితే 83, 250, 417 హర్ట్జ్ దగ్గర గుంటలు పడతాయి. రెండు దారుల్లో ఒకదాన్ని మూసేయండి. పాడేవారికి ఆలస్యం లేని డైరెక్ట్ మానిటరింగే మేలు, రివర్బ్ కావాలంటే సాఫ్ట్‌వేర్ నుంచి రివర్బ్‌ను మాత్రమే పంపుకోవచ్చు.

అయినా పలచగానే ఉంటే, గొంతు మైకు దారిలో పొలారిటీ తిప్పి పాడి చూడండి. పాడేవారికి తమ గొంతు తల ఎముకల ద్వారా కూడా చేరుతుంది, హెడ్‌ఫోన్ శబ్దం దానితో కలుస్తుంది. పొలారిటీ తిరగబడితే ఆ కలయికలో కింది స్వరాలు తగ్గుతాయి. బయట కూర్చుని వినేవారికి ఈ తేడా అసలు తెలియదు, అందుకే పాడేవారు చెప్పినప్పుడు నమ్మి సరిచేయాలి. దారిలో ఒక కేబుల్ పిన్నులు తారుమారయినా ఇదే జరుగుతుంది.

మొదటి సమాధానం రాసినవారు

స్పీకర్లు సరిపడినందుకు సంతోషం. ఒక పని మిగిలి ఉంది. వైర్లు తారుమారుగా ఉన్న కాలంలో మీరు పూర్తిచేసిన మిక్స్‌లలో బేస్ తక్కువగా వినిపించి ఉంటుంది కాబట్టి, తెలియకుండానే దాన్ని పెంచి ఉంటారు. వాటిని ఇప్పుడు ఒక్కొక్కటిగా తెరిచి, 200 హర్ట్జ్‌కు కింద మీరు చేసిన ఈక్యూలన్నిటినీ ఒకసారి ఆపి వినండి. చాలాచోట్ల అవి అక్కరలేదని తేలవచ్చు.

ప్రశ్న అడిగినవారి జవాబు

రెండు దారులూ తెరిచే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ మానిటర్ ఆపగానే గొంతు దగ్గరకు వచ్చింది. పొలారిటీ తిప్పి కూడా పాడి చూశాను, తిప్పనిదే నిండుగా ఉంది. పాత మిక్స్‌లలో రెండింటిని తెరిచాను. ఒకదానిలో 80 హర్ట్జ్ దగ్గర 6 డెసిబెల్‌లు పెంచి ఉన్నాను, దాన్ని తీసేశాను. మిగిలినవి ఈ వారంలో చూస్తాను.